రోడ్డు నీళ్లలోకి దిగిన చోట

సిద్దిపేటలో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పెళ్లయినప్పటి నుంచి నేను గల్లా దగ్గరే కూర్చుంటాను. ఫోటోల పిచ్చి ఎప్పుడు పట్టుకుందో సరిగ్గా చెప్పలేను. పొద్దున నడకకు వెళ్లినప్పుడు ఫోనుతో పొలాలు తీసేదాన్ని, గుట్టలు తీసేదాన్ని. మనుషులు అడ్డం వస్తే వాళ్లు దాటిపోయేదాకా ఆగేదాన్ని. తరువాత కెమెరా కొనుక్కున్నాను. దుకాణం మూసిన రోజున మా ఆయన బండి మీద అక్కన్నపేట వైపో, రాయపోల్ వైపో తీసుకెళ్లేవాడు. నేను మక్కచేను ఒడ్డున వంగి తీస్తుంటే, ఆయన బండి దిగకుండానే, "అయిపోయిందా? ఎండ ఎక్కుతున్నది" అని కేకేసేవాడు.

డ్రోన్ మాత్రం నేర్చుకోవాల్సి వచ్చింది. మా దుకాణానికి ఎదురు మేడ మీద పెళ్లి వీడియోలు తీసే ఫోటోగ్రాఫర్ ఉంటాడు. ఆయనే ఊరి చివర ఖాళీ జాగలో నేర్పించాడు. డ్రోన్ ముఖం మనవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. కుడికి నొక్కితే ఎడమకు పోతుంది. నేను కంగారుపడి ఇంకా గట్టిగా నొక్కేదాన్ని.

"మేడం, మీరు గీడ నిలవడ్డట్టు అనుకోకున్రి. గాడ పైన కూసున్నట్టు అనుకోవాలె."

"నేను గాడ కూసుంటే, గీడ నిలవడ్డది ఎవలు?"

ఆయన నవ్వాడు. నేను నవ్వించడానికి అడగలేదు, నిజంగానే అర్థం కాక అడిగాను.

ఎగరేయడం వచ్చాక కూడా ఆ గందరగోళం పోలేదు. కింద నిలబడి తీసినప్పుడు నేను ఏం చూస్తున్నానో నాకు తెలిసేది. పైనుంచి చూస్తే రోజూ తిరిగే దారి కూడా కొత్తగా ఉండేది. ఆరబోసిన వడ్లు పసుపు మరకలా, కోళ్ల ఫారం రేకులు వెండి గీతలా కనిపించేవి. అందంగానే ఉండేవి. కానీ అది నేను చూసిన అందమేనా, ఆ యంత్రం చూసి నాకు చూపించినదా? ఫోటో కింద నా పేరు పెట్టుకోవాలంటే ఏదో మొహమాటంగా ఉండేది.

ఒక చలికాలం పొద్దున రిజర్వాయరు దగ్గరికి వెళ్లాం. ఎగరేయవచ్చో లేదో యాప్‌లో చూసుకుని డ్రోన్ లేపాను. కట్టకు దూరంగా ఒక పాత తారురోడ్డు మెల్లగా వంపు తిరిగి, తిన్నగా నీళ్లలోకి దిగిపోయింది. నీటి మీద మంచు, ఆ పక్కన ఎండిపోయిన చెట్ల కొమ్మలు. ఊపిరి బిగబట్టి తీశాను. అంతకు ముందు అంత మంచి ఫోటో తీయలేదు. పెద్దగా ప్రింటు వేయించి దుకాణంలో గల్లా వెనక గోడకు పెట్టాం. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. మా ఆయన మాత్రం, "మంచిగనే ఉన్నది గని, ఏం బొమ్మో సమజైతలేదు" అన్నాడు.

కొన్నాళ్లకు ఒక పెద్దావిడ బిందెలు కొనడానికి వచ్చింది. బిందెను వేలితో కొట్టి చూస్తున్నదల్లా తలెత్తి, చేతిలోది కింద పెట్టి, గోడ దగ్గరికి వచ్చింది.

"గీ రోడ్డు మాది" అంది.

నాకు అర్థం కాలేదు. "మీ ఊరి పక్కన కూడా ఇట్లాంటి రోడ్డున్నదా పెద్దమ్మా?"

"ఇట్లాంటిది కాదు బిడ్డా, గిదే. గా మలుపు చూడు. బస్సు గాడనే ఆగుతుండె. నేను సద్ది మూట వట్టుకొని గా కల్వర్టు మీద కూసునేదాన్ని."

ఆమె ఊరు రిజర్వాయరు కింద మునిగిపోయింది. ఇప్పుడు వాళ్లంతా ప్రభుత్వం కట్టించిన కాలనీలో ఉంటున్నారట. నీళ్ల కింద ఊళ్లున్నాయని జిల్లాలో ఎవరికి తెలియదు? నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దున నాకు మంచే కనిపించింది. గోడ మీంచి ఆ ఫోటో తీసేయనా అని అడిగాను.

"ఎందుకు తీస్తవ్? మంచిగున్నది గద" అంది. డ్రోన్ ఎగరేసి పైనుంచి తీశానని చెబితే, "దానితోటి మా ఇల్లు సూపిస్తవా?" అని అడిగింది.

"నీళ్లున్నయి గద పెద్దమ్మా."

"ఎండకాలం తగ్గుతయి. అప్పుడు పోదాం."

నిజంగానే ఎండాకాలంలో ఫోన్ చేసింది. నేను, మా ఆయన కారులో వెళ్లి ఆమెను ఎక్కించుకున్నాం. నీళ్లు బాగా వెనక్కి పోయాయి. డ్రోన్ లేపాను కానీ, అది చూసేది చూపించే ఫోను తెర ఎండకు కనిపించలేదు. ఆమె తన కొంగు తీసి ఇద్దరి తలల మీదుగా కప్పింది. ఆ చీకట్లో మా తలలు ఆనుకున్నాయి. తెర మీద లోతు లేని నీళ్ల కింద చదరాలు చదరాలుగా పునాదులు కనిపించాయి.

"గదే, గదే! గదే మా ఇల్లు."

దాని మీదికి తీసుకెళ్లాను.

"కాదు కాదు. గది బడి అయితది. ఎనుకకు పో. బడి ఎనుక మా పాలోల్ల ఇల్లు, మా మామ అన్నదమ్ములది, ఆడికెంచి... ఆగు. బడి గిటు రాదే! గిటు దిక్కు వాకిలి ఉండాలె."

డ్రోన్‌ను తిప్పాను. తిప్పితే ఊరంతా తిరిగింది. ఆమెకు ఇంకా తికమకైంది. పుట్టి, పెళ్లాడి, పిల్లల్ని కన్న ఊళ్లోనే దారి తప్పింది. ఆ ఊరిని పైనుంచి ఆమె ఎన్నడు చూసింది కనుక? గడప దిక్కు నుంచి, బాయి దిక్కు నుంచి తెలిసిన ఊరది.

"నేనే మర్చిన్నా బిడ్డా?" అని నా మొహంలోకి చూసింది.

"లేదు పెద్దమ్మా, పైనుంచి నాకూ ఏదీ గుర్తుపట్టరాదు" అన్నాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు.

బ్యాటరీ అయిపోతున్నదని తెర ఎర్రగా చూపించింది. "ఇంకింత ఆగు" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. కంగారులో నేను అటు నొక్కబోయి ఇటు నొక్కాను. ఎట్లాగో ఒడ్డుకు తెచ్చి దించాను.

ఆ రోజు పైనుంచి తీసిన చదరాల ఫోటో ప్రింటు వేయించుకుని, తరువాత ఒకరోజు కాలనీకి వెళ్లాను. చుట్టుపక్కల వాళ్లంతా మూగారు. ఒకరు బడి అన్నదాన్ని ఇంకొకరు పంచాయతీ ఆఫీసన్నారు. ఇద్దరు ఆడవాళ్లు ఒకే చదరం మీద వేళ్లు పెట్టి మాదంటే మాదని పంతం పట్టారు, మళ్లీ ఇద్దరూ నవ్వుకున్నారు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం ఫోటోను చూడలేదు.

"ఎందుకు తెచ్చినవమ్మా గిదంతా?" అన్నాడు నాతో.

"నేనే తెమ్మన్న" అని పెద్దావిడ అడ్డం వచ్చింది. అయినా ఆయన అడిగింది తప్పని నాకు అనిపించలేదు. ఆమె తెమ్మన్నదీ తప్పని అనిపించలేదు. రెండూ ఎట్లా సరైనవవుతాయో తెలియక మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

బయలుదేరుతుంటే ఆమె కారులో ఉన్న డ్రోన్ పెట్టెను చూసి, "ఈడ గూడ ఎగిరియ్యి. ఈ ఇండ్లు పైనుంచి ఎట్లుంటయో సూద్దాం" అంది.

ఎగరేశాను. తెర నిండా ఒకే కొలత, ఒకే రంగు స్లాబులు, వరుసలు వరుసలు. ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుందని అనుకుంటుండగానే ఆమె మెట్లెక్కి తన ఇంటి స్లాబు మీదికి వచ్చింది. పక్కింటామె కూడా ఎక్కింది. చూస్తూ చూస్తూ ఆ గల్లీలో చాలామంది ఎవరిళ్ల మీద వాళ్లు నిలబడి చేతులూపారు. తలలెత్తి చూస్తున్నారు, నన్ను కాదు, డ్రోన్‌ను. అప్పుడు తీసిన ఫోటోలో, కింద గల్లీలో నిలబడ్డ నేను కూడా ఒక మూలన చిన్నగా పడ్డాను.

దాన్ని పొలాలు, గుట్టల ఫోటోలు పెట్టుకునే మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒకాయన, ఇది ల్యాండ్‌స్కేప్ కాదు కదా అని రాశాడు. కాదనే అనుకుంటాను. మరి ఏమిటని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. కాలనీలో ఆ పక్క గల్లీవాళ్లు, ఫోటోలో తమ ఇళ్లు రాలేదని, వచ్చేవారం మళ్లీ రమ్మన్నారు. పోతాను.