మందు ఇద్దరికీ

వీధి మలుపులో బట్టలు కుట్టే ఆమెను అందరూ గుండీలక్క అంటారు. కుట్టు ఎంత గట్టో, మాటా అంతే గట్టి.

ఆ ఏడు ఆమెకు మూత్రంలో మంట పట్టుకుంది. మిషను తొక్కుతూ తొక్కుతూ లేచి పరుగెత్తేది. వెళ్తే నాలుగు చుక్కలు. మందులషాపు మాత్రలతో కాస్త నెమ్మదించడం, మళ్లీ మొదలవడం.

"వేడి చేసిందిలే, ఓర్చుకో" అంది అత్త.

"ఓర్చుకుంటే తగ్గేదైతే ఈపాటికి తగ్గేది" అని గుండీలక్క షాపు మూసి ఆస్పత్రికి పోయింది.

"శాంపిలు ఇక్కడే ఇవ్వు. ఆలస్యమైతే అందులోని సూక్ష్మజీవులు కదలడం మానేస్తాయి, మాకు దొరకవు" అంది డాక్టరమ్మ. మూత్రంతో పాటు, దూదిపుల్లతో లోపలి తడినీ తీసి గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసింది. "రా, నువ్వూ చూడు."

బేరిపండు ఆకారంలో ఏదో తోకలాడిస్తూ గిలగిల్లాడుతోంది.

"నన్ను నిలవనీయనిది నువ్వటే!" అంది గుండీలక్క.

"పరాన్నజీవి. కలయికలో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. మగవాళ్లకు చాలాసార్లు ఏ బాధా తెలీదు. ఆయన కూడా మందు వేసుకోకపోతే నీకు మళ్లీ వస్తుంది."

"ఎవరి నుంచి ఎవరికొచ్చిందో తెలుస్తుందా?"

"తెలీదు. నెలల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండగలదు."

బస్సు నడిపే మొగుడు మాత్రలు చూడగానే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నాకేం రోగం? ఎక్కడ తగిలించుకొచ్చావో నువ్వే చూసుకో!"

ఆమెకు ఒళ్లు మండింది. "ఎవరు తెచ్చారో మైక్రోస్కోపు చెప్పదంట. మందు వేసుకోనిదెవరో నేను చెప్తా, వీధంతా. వేసుకునేదాకా నా పడక షాపులోనే."

దిండు చంకన పెట్టుకుని బయల్దేరింది.

"చూశావా అమ్మా దీని పొగరు!"

అత్త లేచింది. "మీ నాన్న ఉన్నన్నాళ్లూ నాకూ ఇదే మంటరా. ఓర్చుకోమన్నారు, ఓర్చుకున్నాను. అదేమిటో చూసిన దిక్కు లేదు." తన దిండూ తీసుకుని కోడలి వెనకే నడిచింది.

ఖాళీ ఇంట్లో అతని పంతం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక సాయంత్రం షాపు గుమ్మంలో నిలబడి, "ఏవీ, ఇలా ఇవ్వు" అన్నాడు.

మింగాక గుండీలక్క అంది: "నోరు తెరువు. నాలుక ఎత్తు."

ఇద్దరి మందూ పూర్తయింది. మళ్లీ పరీక్ష చేస్తే ఆమెలో ఏమీ కనిపించలేదు.

"రోగం పోయింది. నువ్వన్న మాట మాత్రం మందుతో పోదు. వెనక్కి తీసుకో" అంది మొగుడితో.

తల్లి ఎదుట, కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడ ఎదుట, తలవంచుకుని తీసుకున్నాడు. అతను వెళ్లగానే ఆవిడ గొంతు తగ్గించి, "అక్కా, ఆ డాక్టరమ్మ ఏ వేళకుంటుంది?" అంది.

"గట్టిగానే అడుగు, తప్పేముంది" అంది గుండీలక్క. "పద, నేనూ వస్తా."