పందొమ్మిదో ఎక్కం కూత

ఆటలాడితే చదువు చెడుతుందని ఏన్కూరు బడిలో మా లెక్కల సారుకు గట్టి నమ్మకం. ఆటల పీరియడ్‌ను ఆపించడం తన వల్ల కాక, ఒకరోజు మా ఆడపిల్లల కబడ్డీ కోర్టులోకే వచ్చేశాడు.

"కబడ్డీ, కబడ్డీ అని ఉత్తగ దమ్ము ఖరాబు చేసుడేంది? అదే దమ్ముల ఎక్కం చదువుండ్రి" అన్నాడు.

అప్పటినుంచి మా కూత పందొమ్మిదో ఎక్కం. తప్పు చదివితే ఔట్. ఆ తప్పు పట్టుకోవాలని అవతలి జట్టు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నిలబడేది. మేం అందరినీ తాకి తీరిగ్గా వెనక్కి వచ్చేవాళ్లం. మమ్మల్ని మించిన జట్టు లేదనుకున్నాం.

బూర్గంపాడు పోటీలో నా మొదటి కూతకే రిఫరీ ఈల ఊదాడు. "కబడ్డీ అనాల్నని తెల్వదా? ఆటకొచ్చినవా, ట్యూషన్‌కొచ్చినవా? ఔట్!"

ఎవరు కూతకెళ్లినా నోటికి ఎక్కమే వచ్చి, వరసగా అందరం ఔటయ్యాం. సారు మాత్రం చప్పట్లు కొట్టాడు. "ఒక్కటి గూడ తప్పు పోలే!"

ఆటలు మనిషిని తీర్చిదిద్దుతాయని ఎవరైనా ఉపన్యాసమిస్తే నాకు ఒళ్లు మండుతుంది. తీర్చిదిద్దుతాయి, మళ్లీ సరిచేయడానికి వీల్లేకుండా. మొన్న ఖానాపురం హవేలి ఊళ్లో మా ఇంట్లో నా కూతురు "పందొమ్మిది ఏడులెంతమ్మా?" అని అడిగింది. కూర్చుంటే నాకు రాదు. చున్నీ నడుముకు బిగించి, తొడ చరిచి, ఒక్క దమ్ములో ఎక్కం చదువుతూ సోఫా దాకా వెళ్లాను. "నూట ముప్పై మూడు" అని వెనక్కి తిరిగేలోపు అది నా కాలు పట్టేసింది.

"జవాబు కరెక్టేనమ్మా. నువ్వే ఔట్."