వల గుంజే బలం

నాట్ల కూలికి పోయి మూడు రోజులు కడుపు రాకుండ వేసుకునే గోలీలు మరిచిన; చిన్నబిడ్డ అట్లనే కడుపుల పడ్డది. ఆమె పుట్టినంక కాపర్-టీ పెట్టించుకున్న. మళ్ల కడుపు రాలేదు గానీ, నెలనెలా రక్తం మస్తు పోయేది. ఆఖరికి తీయించేసిన.

"ఇగ ఆపరేషన్ నువ్వే చేయించుకో" అన్న మా ఆయనతోని. ఆయన శామీర్‌పేట చెరువుల చేపలు పడతడు.

"వల గుంజే బలం పోతది" అని భయపడ్డడు.

మేడ్చల్ దవాఖానకు తోలుకపోయిన. "బలం ఎక్కడికీ పోదన్నా. కానీ మూడు నెలలు కండోమ్ వాడాలె, ఆ తర్వాత పరీక్ష చేస్తం" అన్నది నర్సమ్మ.

చేయించుకున్నడు. వారం ఆగి మళ్ల వల పట్టిండు. మూడు నెలలైనంక పరీక్షల వీర్యకణాలు లేవని తేలింది. "మొగోన్ని కోయించినవ్" అని మా అత్త ఇంకా గులుగుతది. గులగనీ, నా పానం నిమ్మళంగ ఉన్నది.