బెల్లంముక్క మీద పగ

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి సైకిలేసుకుని పగ తీర్చుకోవడానికి బయలుదేరిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఇదేమీ గొప్పగా చెప్పుకునే సంగతి కాదని ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళు అంటారు. వాళ్ళు కొట్లో పెరిగినవాళ్ళు కారు, వాళ్ళకేం తెలుసు. నేను తాళ్ళ కొట్లో పెరిగాను. విశాఖపట్నం పాతూళ్ళో, రేవు వైపు వాలుగా దిగే వీధిలో మా తాతయ్య తాళ్ళు, చాపలు, బుట్టలు అమ్మేవాడు. తెల్లారేసరికి పడవలవాళ్ళు వచ్చి తాడు లాగి చూసేవాళ్ళు, ఆ తరవాత ధర దగ్గర అంతకన్నా గట్టిగా లాగేవాళ్ళు. ఆ లాగుళ్ళు చూసి చూసి, పొట్టి లంగాల వయసుకే నాకు బేరం వంటబట్టింది. పొగరు దానికి ముందే వంటబట్టింది.

మా కొట్టుకి ఎదురుగా పచారీ కొట్టు ఉండేది. దాని యజమానిని నేను మావయ్యా అనేదాన్ని, ఆయన నన్ను కోడలా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఎదురెదురు కొట్లు, అంతే. ఆయన దగ్గర ఏం కొన్నా చివర్లో చేతిలో ఒక బెల్లంముక్క పెట్టేవాడు. అది కొసరు. తూకంలోకీ రాదు, ధరలోకీ రాదు. పిల్లలు సరుకుల సంచీ మొయ్యడానికి ఒప్పుకునేది దాని కోసమే.

ఒక సాయంత్రం ఆ కొట్టు నిండా జనం ఉండగా నేను కందిపప్పు బేరం మొదలుపెట్టాను. కొట్లవాళ్ళం ఒకరి దగ్గర ఒకరం గిరాకీల ముందు బేరమాడకూడదన్నది మా వీధి పద్ధతి. తగ్గించుకునేది ఏదైనా ఉంటే జనం వెళ్ళాక, గొంతు తగ్గించి. అది నాకు తెలుసు. తెలిసే, పెద్దబజార్లో ఇంతకన్నా చవగ్గా ఇస్తున్నారని గట్టిగా అన్నాను. కొనడానికొచ్చినవాళ్ళంతా తలలు తిప్పారు. మావయ్య నేనడిగిన ధరకే ఇచ్చాడు. అలవాటు కొద్దీ బెల్లంముక్క నా చేతిలో పెట్టాడు. పెట్టి, ఒక్క క్షణం ఆగి, రెండు వేళ్ళతో దాన్ని నా అరచేతిలోంచి తీసి తిరిగి డబ్బాలో వేసుకున్నాడు.

"బేరం నెగ్గినావు కదే కోడలా. మళ్ళీ కొసరేటి? రెండూ నీకేనేటి?"

అందరూ నవ్వారు. డబ్బా మూత టక్కున పడింది. నా చెయ్యి ఇంకా చాచే ఉంది, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మర్నాటి నుంచి నేను బడికి వెనక సందులోంచి వెళ్ళాను. ఆ వీధిలో మళ్ళీ తలెత్తి నడవాలంటే ఒకటే దారి అనిపించింది. నెల సరుకులు పెద్దబజార్లో కొనాలి, సైకిలుకి కట్టుకోవాలి, గంట కొట్టుకుంటూ ఆయన కొట్టు ముందు నుంచి పోవాలి. ఆయన చూడాలి. ఆరోజు నవ్వినవాళ్ళు చూడాలి. అమ్మది గోదావరి వైపు. "ఎదురుగా కొట్టు పెట్టుకుని అంత దూరం దేనికే, ఎండకి పిచ్చెక్కిందా" అంది. తాతయ్య మాత్రం చుట్ట పక్కన పెట్టి, "ఎల్లనీయమ్మా. దాని కాళ్ళు, దాని తిక్క" అన్నాడు.

బయలుదేరే ముందు సంచి కట్టుకోవడానికని ఆయన కొత్త తాడు కొయ్యబోతే నేనే వద్దన్నాను. అమ్మే తాడు ఇంటికి వాడకూడదన్నది మా కొట్టు నియమం. మా ఇంట్లో బట్టలారేసే తాడు కూడా గిరాకీలు వదిలేసిన తుంట్లకి ముడి మీద ముడి వేసి చేసిందే. అలాంటిదే ఒకటి దండెం మీంచి విప్పి తీసుకున్నాను. తాతయ్య దాన్ని చూశాడు, నన్ను చూశాడు, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

పెద్దబజార్లో నా బేరం అద్భుతంగా సాగింది. ఎవరో తెలియని ఆ కొట్టువాడు చాలా తొందరగా దిగొచ్చాడు. అంత తొందరగా దిగొచ్చేవాడి సరుకు వాసన చూడాలని కొట్లో పెరిగినదానికి తెలియాలి. పగ మీద ఉన్నవాళ్ళకి ముక్కు పనిచెయ్యదు. కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు అన్నీ గోనెసంచిలోకెత్తి, నాన్న సైకిలు క్యారియరుకి కట్టుకున్నాను. సీటెక్కితే నాకు కాళ్ళందవు, అందుకని దారంతా తోసుకుంటూనే వచ్చాను. మా వీధి మలుపు దగ్గర చెమట తుడుచుకుని, పెడలు మీద ఒక కాలేసి, వాలులోకి వదిలాను.

గంట కొట్టాను. పచారీ కొట్లో తలలు లేచాయి. మావయ్య కూడా చూశాడు. సరిగ్గా అప్పుడే నా వెనక ముడి ఊడింది.

సంచి ఒకవైపుకి జారింది, సైకిలు దానితో పాటు, నేను సైకిలుతో పాటు. లేచి చూసేసరికి కందిపప్పు, మినప్పప్పు దుమ్ములో కలిసి రేవు వైపు దొర్లుతున్నాయి. కోళ్ళు అప్పటికే వచ్చేశాయి. మావయ్య చేట, చీపురు పట్టుకుని దిగాడు. ఆయన నవ్వి ఉంటే నాకు హాయిగా ఉండేది, తిరిగి తిట్టడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. ఆయన నవ్వలేదు. కింద కూచుని, దక్కిన పప్పంతా ఎత్తి, మట్టి చెరిగాడు. మధ్యలో రెండు పప్పులు నోట్లో వేసుకుని కొరికాడు. ఎండిన పప్పయితే పటుక్కుమనాలి. చప్పుడు రాలేదు. తూకం కోసం తడిపిన పప్పు అది. ఆయన నా వంక చూశాడు, నేను నేల వంక చూశాను. ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదని ఈనాటికీ నాకు కోపం.

తరవాత ఎదురుకొట్లో ఉన్న తాతయ్యకేసి తలెత్తి, వీధంతా వినేలా అడిగాడు.

"మావా, నీ కొట్లో తాళ్ళేవైనా అమ్ముతన్నావేటి?"

ఈసారి వీధి పగలబడి నవ్వింది. తాతయ్య కూడా నవ్వుతూనే వచ్చి, మెరిసే కొత్త తాడు కొలవకుండా కోసి, సంచి కట్టాడు. ఇక కదులుదామనుకుంటుంటే మావయ్య నా చెయ్యి పట్టుకుని, తెరిచి, అందులో ఒక బెల్లంముక్క పెట్టాడు.

"నీ దగ్గర నానేటీ కొన్లేదు కదా మావయ్యా."

"అందుకే" అన్నాడు.

చూసినవాళ్ళందరూ ఎంత మంచివాడో అనుకున్నారు. నేను కొట్టు పిల్లని. దెబ్బ తగిలితే తెలుస్తుంది. ఇంటి వెనక కొబ్బరిపీచు కట్టల చాటున నిలబడి, ముడి ఊడుతుందని ముందే ఎందుకు చెప్పలేదని తాతయ్యని అడిగాను.

"సెబితే ఇనేదానివేటి?" అన్నాడు. బెల్లం నా గుప్పిట్లో కరుగుతోంది. "తినేయ్. తింటే ఆడు నెగ్గినట్టు. పారేత్తే ఆడు రెండుసార్లు నెగ్గినట్టు."

తిన్నాను. మర్నాడు బడికి వీధిలోంచే వెళ్ళాను. అంతకన్నా కిందికి పడడానికి చోటు మిగల్లేదు, తలెత్తి నడవడం తేలికైంది.

ఆ దెబ్బ ఎలా కొట్టాలో మాత్రం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ద్వారకా నగర్లో జాకెట్టుగుడ్డల కొట్టు నడిపాను. ఒకావిడ నన్ను అందరి ముందూ దొంగకొలత మనిషినంది. ఆవిడ ఎదుటే మళ్ళీ కొలిచి చూపించి, సరిపోయాక జానెడు గుడ్డ ఊరికే కలిపి కట్టి, నవ్వుతూ ఇచ్చాను. పాపం, మెట్లు ఎలా దిగాలో ఆవిడకి తెలియలేదు. ఆ రాత్రి నాకు చక్కటి నిద్ర పట్టింది. ఇప్పుడు సీతమ్మధారలో ఫోను నొక్కితే సరుకులు గుమ్మంలోకి వస్తున్నాయి. పగపడదామన్నా ఎదుట మనిషి లేడు.

ఆరోజు బిల్లు నిజాయితీగా వేస్తే ఇలా తేలుతుంది. నా పగకి ఖర్చయింది సగం పప్పు, మోకాలి చర్మం, తాతయ్య కొత్త తాడు, ఆ నెలంతా మట్టిబెడ్డలు ఏరుకున్న అమ్మ కళ్ళు. మావయ్య పగకి ఖర్చయింది ఒక్క బెల్లంముక్క. ఎన్నిసార్లు లెక్క వేసినా ఆయనకే చవగ్గా పడింది.