బొమ్మ చూడని పంతులమ్మ

ప్రేమలీలంత పిరికి మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నెల్లూరులో మా మిషన్ వాళ్ళ ఆడపిల్లల కాలేజీలో ఆమె పాఠాలు చెప్పేది, నేను హాస్టలు వార్డెన్‌ని. బల్లి మీద పడితే భయం, ప్రిన్సిపాలు దగ్గితే భయం, పాస్టరుగారు గేటు తీస్తే భయం. అలాంటి మనిషికి అరవై ఒకటిలో ఒక సినిమా ప్రొజెక్టరు అప్పజెప్పారు. పిల్లలకు దోమల బొమ్మలూ, శుభ్రత బొమ్మలూ చూపించమన్నారు. ఈ మహాతల్లి ఏం చేసింది? మద్రాసు నుంచి అసలు సినిమాలే అద్దెకు తెప్పించి శనివారం క్లాసు మొదలుపెట్టింది!

బొమ్మ నడుస్తుండగా మధ్యలో ఆపేది. "ఈమె ఏడుస్తోంది కదా, ఎవరు చూస్తారని ఏడుస్తోంది? అదే కష్టం మగవాడికొస్తే వాడు పాట పాడి ఊరుకున్నాడే, ఈమే ఎందుకు కాళ్ళ మీద పడాలి?" అని అడిగేది. గొంతు వణికేది, అయినా అడిగేది. ఆ వాదన భోజనాల గదిదాకా వచ్చేది. చారు చల్లారిపోతోంది తినండే అని నేను కేకలేసేదాన్ని. క్రీస్తు బిడ్డలకు సినిమాలేమిటని పాస్టరుగారు గొణిగినప్పుడల్లా నా గదికొచ్చి, "రెబెక్కమ్మక్కా, నా ఉద్యోగం పోతుందంటావా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అంత భయముంటే మానెయ్యవే తల్లీ అంటే మాత్రం మానేది కాదు. ఆ క్లాసే ఆమెకు ప్రాణం.

ఆ క్లాసులో చెంచమ్మ అని ఒక పిల్ల ఉండేది. వాకాడు అవతల సముద్రపొడ్డు పల్లె వాళ్ళది. ఆ పల్లెలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. "మా అమ్మోళ్ళకు కూడా ఒక తూరి చూపించండి మేడమ్. మా ఆడోళ్ళు మాకంటే బాగా మాట్లాడతారు" అని పట్టుబట్టింది. సరేనని ఒక రోజు మిషన్ జీపులో జనరేటరు వేసుకుని బయలుదేరాం. మనిషి తోడు లేనిదే ప్రేమలీల వీధి దాటదు గనక నేనూ వెళ్ళాను.

మగవాళ్ళు వేకువనే చేపల వేటకు పోయారు. వలలు దాచే కొట్టానికి తెరచాపలు కట్టి మధ్యాహ్నమే చీకటి చేశారు. ఆడవాళ్ళు చంటిపిల్లల్నేసుకుని వచ్చి కూర్చున్నారు. హీరో నడక చూసి ఒకటే నవ్వులు. తర్వాత కథలో ఆ హీరో చచ్చిపోయాడు. నలుగురు ముసలమ్మలు హీరోయిన్ చేతులు పట్టుకుని గాజులు పగలగొట్టారు.

కొట్టంలో ఒక్కసారిగా కేక. చెంచమ్మ తల్లి కామమ్మ లేచి తెరచాప పీకి పారేసింది. "మగోళ్ళు నీళ్ళ మీద ఉంటే గాజులు పగలగొట్టేది చూపిస్తారా! మీ నోట్లో మన్నుబడ!" ఒడ్డున ఆడవాళ్ళు ఏం చేస్తే అది నీళ్ళ మీద మగవాళ్ళకు తగులుతుందని ఆ పల్లె నమ్మకం. తెప్పలు తిరిగొచ్చేదాకా పొరపాటున గాజు చిట్లినా పైకి చెప్పుకోరు. చెంచమ్మ తల బాదుకుంది. "సినిమా అంటే పాఠమే అనుకున్నా మేడమ్. మా ఊరి సంగతే మరిచిపోయినా."

అందరూ ఒడ్డుకు పరుగెత్తారు. తెప్పలు వచ్చే వేళ దాటిపోయింది. తూర్పున మబ్బు కమ్మి గాలి లేచింది. ఇసుక ముఖాన కొడుతోంది. కనుచూపు మేర నీళ్ళు తప్ప ఏమీ లేదు. నేనే ప్రార్థన మొదలుపెట్టాను, ఇక ప్రేమలీల సంగతి చెప్పాలా? జీపెక్కి పోదాం రావే అని చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు.

కామమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి చేతులెత్తింది. "గంగమ్మ తల్లీ! నా మొగుణ్ణి, ఊళ్ళో మగోళ్ళని ఒడ్డుకు చేర్చు. ఈ బిడ్డను ఇంక చదువుకు పంపను. గడప దాటనీయను!" వయసుమీరి వేట మానేసిన ఊరిపెద్ద ముత్యాలయ్య, "విన్నాం. మొక్కు మొక్కే" అన్నాడు. చెంచమ్మ ముఖం చూడలేకపోయాను. నాన్న రావాలని ఏడవాలో, రాగానే తన చదువు పోతుందని ఏడవాలో ఆ బిడ్డకు తెలియలేదు.

అప్పుడు ప్రేమలీల నోరు విప్పింది. "పెద్దాయనా, ఆ మొక్కు ఇంకొకరు తమ మీద వేసుకోకూడదా?"

ముత్యాలయ్య ఎగాదిగా చూశాడు. "ఏసుకోవచ్చు. తనకు ప్రాణమైంది ఇడవాల. మాట తప్పితే మాత్రం దెబ్బ నీకు గాదమ్మా, పెంచలయ్యకు తగులుతాది."

పెంచలయ్య అంటే చెంచమ్మ తండ్రి. ప్రేమలీల వణుకుతూ నీళ్ళలోకి దిగింది. "ఈ జన్మలో ఇంక బొమ్మ చూడను. ఆ పిల్లను చదువుకోనివ్వండి" అంది. బైబిలు పట్టుకునే చేత్తో గంగమ్మకు మొక్కుతావుటే అని నేను అరిచాను. గాలిలో నా అరుపు ఎవరు విన్నారు గనక!

పొద్దు గుంకే వేళకు తెప్పలొచ్చాయి. అందరూ వచ్చారు. మర్నాడు చెంచమ్మ మాతో కాలేజీకి వచ్చింది.

ప్రేమలీల క్లాసు మానిందా? మానలేదు. పిల్లలే ప్రొజెక్టరు నడుపుకుని లోపల బొమ్మ చూసేవాళ్ళు, ఆమె వసారాలో గోడవైపు తిరిగి కూర్చునేది. చూసొచ్చాక కథ చెప్పమనేది. ఒక పిల్ల హీరోయిన్ దెబ్బలు తిన్నది చెప్పకుండా దాటేస్తే, "అదెందుకు మరిచిపోయావమ్మా?" అని అక్కడ పట్టుకునేది. నిజం చెప్పొద్దూ, పాఠం మునుపటికంటే బాగుండేది. ఆ క్లాసు కోసమని పక్క తరగతుల పిల్లలు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు.

కానీ భయం ఆమెను వదల్లేదు. యేసయ్యకు కోపమొచ్చిందేమోనని ఒక భయం, గంగమ్మకు కోపమొస్తుందేమోనని ఇంకో భయం. గాలి గట్టిగా వీస్తే చాలు, అన్నం ముట్టేది కాదు.

చెంచమ్మ బి.ఏ. ఆఖరు ఏడాదిలో ఉండగా, కార్తీకంలో ఒక శనివారం అలాగే గాలి లేచింది. కిటికీ తలుపులు టపటపా కొట్టుకుంటున్నాయి. అప్పుడే క్లాసు ముగించి ప్రేమలీల నా గదికొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ఈ పూట మన హాస్టలు పిల్ల పుష్పకుమారి సినిమా కథ ఎంత బాగా చెప్పిందో! ఆ ఇల్లు, ఆ అమ్మాయి, ఆమె చీర అంచుతో సహా నాకు కనబడిందక్కా. కళ్ళు మూసుకున్నా కనబడింది." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అది బొమ్మ చూసినట్టేనా?"

నేను లేచి, కొట్టుకుంటున్న కిటికీ తలుపులకు గడియ పెట్టాను. వాళ్ళ నాన్న పెంచలయ్య పొద్దున్నే వేటకు పోయినాడని, ఊరి నుంచి వచ్చిన మనిషి చెప్పాడని, చెంచమ్మ మధ్యాహ్నమే నాతో అంది.