బూట్లలో తేమ ఎంత

జమ్మికుంట పత్తి మార్కెట్లో అంబదాస్ చెయ్యి పడ్డాకే బండికి రేటు పడుతుంది. ఒక జిన్నింగ్ మిల్లు తరఫున పత్తి చూసి ధర చెప్పడం అతని ఉద్యోగం. బండిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు పత్తి లాగి, పింజను వేళ్ల మధ్య సాగదీస్తాడు. ఆ తర్వాత తేమ మీటరు సూదులు గుచ్చుతాడు. అంకె పన్నెండు దాటితే ఇక రైతు మొహం చూడడు. పాత పత్తి అయితే మీటరు కూడా తీయడు. రంగు చూసి రెండే మాటలు అంటాడు: "నిలువ మాల్."

ఈ ఫిబ్రవరిలో సాంబయ్య అనే రైతు ఆ మాట విని బతిమిలాడాడు.

"రేటొస్తదని నాలుగు నెలలు ఇంట్లె పెట్టిన సేటూ. మూట ఇప్పలే, గాలి తగలనియ్యలే. జర చూడు."

"ఇంట్లె పెడితె పెరగడానికి అదేమన్న మేకపిల్లనా సాంబయ్యా? తీస్కపో."

ఆ మాట రాత్రి భార్యకు చెప్పి నవ్వాడు కూడా. అదే అంబదాస్ ఇంట్లో ఇనుప బీరువా నిండా పదకొండు జతల బాస్కెట్‌బాల్ బూట్లున్నాయి. ప్లాస్టిక్ చుట్టి, మూతికి టేపు వేసి ఉన్నాయి. కొన్నింటికి ఏడేళ్లు. భార్య మంజుల చీరలు మంచం కిందికి పోయాయి.

బూట్లన్నీ బామ్మర్ది నరేశ్ దుబాయ్ నుంచి పంపినవి. అతను అక్కడ పెద్ద బూట్ల దుకాణంలో పని చేస్తాడు. ఏడో నంబరు పాదం ఉన్న బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు తక్కువ కాబట్టి ఆ సైజు మిగిలిపోతుంది. మిగిలింది సగం ధరకు వస్తుంది. ఎవరూ కొననిదాన్ని అంబదాస్ "ఎక్కడ దొరకని మాల్" అంటాడు.

అతనికి యూట్యూబ్ చానల్ కూడా ఉంది. మూడు వందల పన్నెండు మంది చూస్తారు. ప్రతి జతకూ మూడు పద్దుల కింద మార్కులు: హాయి, ఆట, దాచుకునే విలువ. బూటులోకి మణికట్టు దాకా చెయ్యి దూర్చి కళ్లు మూసుకుంటే హాయి తేలుతుంది. మంచం మీది దుప్పటి నేల మీద పరిచి, వంటింటి గడప దాకా నాలుగడుగులు వేస్తే ఆట తేలుతుంది. అతను బాస్కెట్‌బాల్‌ను చేత్తో ముట్టి ఎరగడు. చివరికి మడమ దగ్గర మీటరు సూదులు గుచ్చి "తేమ ఆరు. ఫస్ట్ క్లాస్" అంటాడు. ఆ బీరువాలోని ప్రతి బూటుకూ రెండు చిల్లులున్నాయి. దాచుకునే విలువ ఎప్పుడూ తొమ్మిదికి తగ్గదు.

ఫోన్ పట్టుకుని వీడియో తీసేది కూతురు హర్షిణి. ఇంటర్ చదువుతుంది. కాలేజీ జట్టులో నిజంగా బాస్కెట్‌బాల్ ఆడుతుంది. పాదం ఏడో నంబరే. ఆదివారం కరీంనగర్‌లో జిల్లా జట్టు ఎంపిక ఉందనగా, ఆమె కాన్వాస్ బూట్లు రెండూ నోళ్లు తెరిచాయి.

"బాపూ, బీరువల పదకొండు జతలున్నయ్. ఒక్కటియ్యి."

"ఏస్కుంటె విలువ పోతది బిడ్డా. అవి తొడుక్కునేటియి కావు."

"మరి నెత్తిన పెట్టుకునేటియా?" అంది మంజుల వంటింట్లోంచి.

అంబదాస్ బీరువా తలుపు మూశాడు. మంజుల దబ్బనం, సుతిలి తీసుకుని కూర్చుంది. గోనె సంచులు కుట్టినట్టే కాన్వాస్ బూట్లను అంచు చుట్టూ రెండు వరసలు కుట్టింది.

శనివారం హర్షిణి తండ్రి బలహీనత మీద చెయ్యి వేసింది. "అసలు కోర్టు మీద వీడియో తీస్తె ఎంతమంది చూస్తరో! దుప్పటి మీద నడుస్తె ఎవరు నమ్ముతరు బాపూ?"

అంబదాస్ రాత్రి భోజనం దాకా ఆలోచించి, అన్నిటికంటే పాతదీ, తొమ్మిదిన్నర మార్కులదీ అయిన ఎర్ర జత బయటికి తీశాడు. షరతులు పెట్టాడు. "ఎక్కువ ఎగురకు. దుమ్ముల నడువకు. కాలి ఏళ్లు మడవకు."

"ఊపిరి తీస్కోవచ్చా?" అంది హర్షిణి.

ఆదివారం ముగ్గురూ కరీంనగర్ వెళ్లారు. కోర్టు మీద ఫోన్ అంబదాసే పట్టుకున్నాడు. ఏడో నిమిషంలో హర్షిణి ఎగిరి బంతి వేసి దిగింది. కుడి మడమ కిందికి కుంగింది. ఇంకో రెండడుగులకు బూటు అడుగున ఉండే మెత్త పొడిపొడిగా రాలి, అటుకులు చల్లినట్టు కోర్టంతా పరుచుకుంది. కింది అట్ట మాత్రం విడిగా ఊడి అక్కడే పడి ఉంది. రెఫరీ ఈల వేశాడు. ఒక కుర్రాడు చీపురు కోసం పరిగెత్తాడు.

"వట్టి కాళ్లతో ఆడనియ్యం. అయిదు నిమిషాల్ల బూట్లు లేకుంటె పేరు కొట్టేస్త" అన్నాడు ఎంపిక చేసే సారు.

అంబదాస్ రాలిన పొడి ఏరుకుంటున్నాడు. "నరేశ్‌కు ఫోన్ చేస్త. ఇది కంపెనీ తప్పు" అంటున్నాడు. మంజుల టిఫిన్ సంచి విప్పి, పులిహోర డబ్బా కింద నుంచి సుతిలి కుట్టిన కాన్వాస్ బూట్లు తీసి కూతురి ముందు పడేసింది.

సాయంత్రం చదివిన పన్నెండు పేర్లలో హర్షిణిది తొమ్మిదోది.

ఇంటికి రాగానే అంబదాస్ బీరువా తెరిచి ఒక్కో బూటు మడమను బొటనవేలితో నొక్కాడు. ఏడు జతలు కుంగాయి. వెనుక ఫోన్ పట్టుకుని హర్షిణి నిలబడింది.

"చెప్పు బాపూ, రికార్డింగ్ అయితుంది. గిదేం మాల్?"

కుంగిన బూటును పక్కన పెట్టి చెప్పాడు. "నిలువ మాల్."

"మరి గివి?" ఆమె కాన్వాస్ బూట్లు అతని ముందు పెట్టింది.

అంబదాస్ అలవాటు కొద్దీ చెయ్యి దూర్చాడు. చెమటతో తడిసి ముద్దగా ఉన్నాయి. మీటరు సూదులు గుచ్చితే అంకె పద్దెనిమిది చూపింది. మార్కెట్లో అయితే బండి గేటు దాటనిచ్చేవాడు కాదు. సుతిలి కుట్టును గోటితో గీకి చూశాడు. దారం కదల్లేదు.

"హాయి ఆరు" అన్నాడు. "ఆట తొమ్మిది. తేమ... జర ఎక్కువనే ఉంది. అయినా తీస్కోవచ్చు."

"సాంబయ్యకు గిట్ల చెప్పినవా ఎప్పుడన్న?" అంది మంజుల. "మార్కులు తర్వాత ఎయ్యి గని, ముందు వాటిని ఉతికి ఎండల పెట్టు. బీరువల మాత్రం పెట్టకు."