రోట్లో కలిపిన ముద్ద

పొద్దున మా వీధిలో పండు మిరపకాయల బండి ఆగింది. ఆ ఘాటు గుమ్మం దాటి లోపలికి రాగానే సుబ్బాయమ్మ గారు మనసులో మెదిలారు. చిలకలూరిపేటలో మేము అద్దెకున్న ఇల్లు ఆవిడదే. వరసకు ఏమీ కాకపోయినా పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ పోయి కొన్నేళ్ళయినా, మిరపకాయల కాలం వస్తే నాకు బెంగ మొదలవుతుంది.

అప్పట్లో నేను ప్రైవేటు బడిలో టీచర్ని, మావారు పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. బడిలో మేము నలుగురు టీచర్లం ఆదివారాలు వంతులవారీగా ఒకరింట్లో ఒకరం భోంచేసేవాళ్ళం. పప్పూ వేపుడుతో మొదలైంది కాస్తా పోటీ పెరిగి బిర్యానీ, చీరాల నుంచి తెప్పించిన రొయ్యల దాకా పోయింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, నేనూ మా బాబు బడి ఫీజుకు దాచినదాంట్లోంచి తీసి ఒకసారి నెగ్గుకొచ్చాను. మళ్ళీ నా వంతు దగ్గరపడేసరికి చేతులెత్తేశాను. తిరిగి పిలవలేనప్పుడు ఒకరింట తినడం నామోషీ అనిపించి, తలనొప్పనీ చుట్టాలొచ్చారనీ సాకులు చెప్పి వెళ్ళడం మానేశాను. వాళ్ళు తప్ప ఆ ఊళ్ళో నాకు స్నేహితులు లేరు. ఆదివారం వస్తే ఏడుపొచ్చేది.

"ఏంటమ్మాయ్, ఆదివారం పూట ఇంట్లో పడున్నావ్?" అని పిన్నిగారు నిలదీస్తే దాచలేకపోయాను.

"ఓసి పిచ్చిదానా! వచ్చేవాళ్ళు కూరలు లెక్కెట్టుకోటానికొస్తారా? వచ్చే ఆదివారం పండు మిరప పచ్చడి నూరుతున్నా. రోలు కడక్కముందే రమ్మను అందర్నీ."

"పచ్చడన్నానికి పిలుస్తారా పిన్నిగారూ? నవ్విపోతారు."

"నవ్వనీ. నవ్వుకుంటానే తింటారు."

మా వైపు పచ్చడి తీసేశాక రోటికి అంటుకున్నదాన్ని వదలరు. వేడన్నం, నెయ్యి వేసి రోట్లోనే కలిపి ముద్దలు పెడతారు. అది ఇంట్లోవాళ్ళకే గాని అతిథులకు పెట్టేది కాదు. పిన్నిగారు మాత్రం ఆ ముగ్గురు టీచర్లనూ పెరట్లో రోలు చుట్టూ పీటలేసి కూర్చోబెట్టారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. పట్టుచీర కట్టుకొచ్చిన లెక్కల టీచరు మొదట మొహమాటపడింది. మొదటి ముద్దకే కళ్ళ నీళ్ళొచ్చాయి. ముక్కు తుడుచుకుంటూనే మళ్ళీ చెయ్యి చాపింది. "మా అమ్మ పోయాక ఇలా ఎవరూ పెట్టలేదండీ" అంది. వెళ్ళేటప్పుడు ఆవిడే, "వచ్చే వారం మా ఇంట్లో చారూ అప్పడాలే. ఆ రొయ్యలు కొనలేక నాకూ ప్రాణం పోతోంది" అని నవ్వేసింది. అందరం పడీ పడీ నవ్వాం. నా గుండెల మీంచి కుంపటి దించినట్టయింది.

"ఉన్నదాంట్లో పిలువు. లేదని మాత్రం మానుకోకు" అనేవారు పిన్నిగారు. ఇప్పుడు గుంటూరులో మాకు సొంత ఇల్లుంది, ఎందరికైనా పెట్టగలం. అయినా ఇంట్లో ఏముంటే దాంతోనే పిలుస్తాను. వచ్చినవాళ్ళు సంతోషంగానే తిని వెళ్తారు. వాళ్ళు వెళ్ళాక ఒక్కదాన్నే గిన్నెలు సర్దుకుంటాను. పిలవడం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. "అమ్మాయ్, ఆ పని తర్వాత చేసుకోవచ్చు, చెయ్యి కడుక్కుని రా" అని ఆవిడలా నన్ను కేకేసేవాళ్ళు మాత్రం ఇప్పుడెవరూ లేరు.